స్క్రిప్టులో లేని మాట

రోబో తల విప్పేసరికే లోపలి మనిషి ప్రాణం పోయింది.

రోబో మాత్రం కూర్చున్నట్టే కూర్చుంది. చేతులు కుర్చీ పిడుల మీద ఉన్నాయి. ఛాతీలో నీలం దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పాలని ఎవరికీ తోచలేదు. ఇన్‌స్పెక్టరే ఆర్పాడు.

టీవీలో అంతు లేనట్టు కనిపించే ఆ నక్షత్రనౌక ప్లైవుడ్ గది. మీటలన్నీ రంగు వేసిన సీసా మూతలు. ప్రతి వారం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ చూసే సీరియల్ ఇదే. అక్కడ నిలబడటం అతనికి ఇబ్బందిగా ఉంది.

"ఎవరితను?"

"డబ్బా అండీ," అన్నాడు డైరెక్టరు. వెంటనే నాలిక కరుచుకున్నాడు. "అంటే, అందరం అలాగే పిలుస్తాం. డాక్టరమ్మ తమ్ముడు."

డాక్టరమ్మ అంటే సీరియల్లో ఆ రోబోను తయారుచేసిన శాస్త్రవేత్త. ఆ వేషం వేసే నటి తెల్లకోటుతోనే నేల మీద చతికిలబడి ఉంది.

"నా చేత్తోనే చంపుకున్నాను," అంది.

"ఎలా?"

"ఫ్యాను ఆపింది నేనే కదండీ."

సూటు వీపులో చిన్న ఫ్యాను ఉంది. గాలి అందేది దాంతోనే. అది తిరిగితే మైకులో రొద. అందుకని షాట్ మొదట్లో ఆమె రోబోను కౌగిలించుకున్నట్టు నటిస్తూ స్విచ్ ఆపుతుంది. కట్ చెప్పగానే మళ్ళీ వేస్తుంది. రెండు నిమిషాల పని. ఏళ్ల తరబడి ఇదే పద్ధతి.

"ఇవాళ ఎందుకు వేయలేదు?"

డైరెక్టరు అందుకున్నాడు.

"షాట్ బ్రహ్మాండంగా వచ్చింది సార్. కట్ చెప్పబుద్ధి కాలేదు, ఆరు నిమిషాలు లాగాను. అయ్యాక అందరం మానిటర్ మీద పడ్డాం."

"ఈవిడ కూడానా?"

"నేనే ముందు పరుగెత్తాను," అంది ఆమె. "నా మొహం ఎలా వచ్చిందో చూసుకుందామని."

డైరెక్టరు ఇన్‌స్పెక్టర్‌ని పక్కకు లాగాడు. "చెప్పకూడదు గానీ, పొద్దున అక్కాతమ్ముళ్లకు పెద్ద గొడవైంది. వచ్చే సీజన్‌లో రోబో ముసుగు తీసి, సొంత గొంతుతో మాట్లాడేలా కథ మార్చాను. తమ్ముడు ఎగిరి గంతేశాడు. ఈవిడకేమో నచ్చలేదు. నవ్వులపాలవుతావురా అని తిట్టింది."

"ఇప్పటిదాకా గొంతు ఎవరిది?"

"మాస్టారిది. షాట్ నడుస్తుండగానే, అదిగో, ఆ బూత్‌లోంచి మాట్లాడతారు."

గొంతు మాస్టారు సన్నటి మనిషి. చేతిలో వేడినీళ్ల గ్లాసు.

"లోపలివాడి హెల్మెట్ మైకు మీ హెడ్‌ఫోన్‌కే వస్తుందట?"

"అవునండీ. వాడి ఊపిరికీ కదలికకూ తగ్గట్టు నేను మాట్లాడాలిగా."

"లోపల ఇబ్బందైతే?"

"నాకు చెబుతాడు. నేను కట్ అని అరుస్తాను. వాడికి నోరు నేనే."

"ఇవాళ చెప్పలేదా?"

"స్క్రిప్టులో ఉన్న నా ఒక్క డైలాగు అయీ అవగానే హెడ్‌ఫోన్ మూగబోయింది. వైరు ఊడిందట, మీవాళ్లే చూశారుగా."

నిజమే. హెల్మెట్‌లో వైరు ఊడి వేలాడుతోంది. తల విప్పే తొందరలో ఊడిందో, ముందే ఊడిందో చెప్పగలిగినవాడు లేడు.

ఇన్‌స్పెక్టర్ షాట్ వేయించుకుని చూశాడు.

"నీ జ్ఞాపకాలు చెరిపేస్తున్నాను. భయంగా ఉందా?" అంటుంది శాస్త్రవేత్త.

"లేదు," అంటుంది రోబో.

స్క్రిప్టు అక్కడితో సరి. ఆమె నిశ్శబ్దంగా చూస్తుంది. రోబో చెయ్యి మెల్లగా లేచి మెడను తాకుతుంది. అప్పుడు మళ్ళీ ఆ గొంతు.

"నాకు గాలితో పనిలేదు డాక్టర్. మీరు పీల్చుకోండి."

ఆమె కళ్లు నిండుతాయి. నిజం కన్నీళ్లే. చెయ్యి కిందికి జారుతుంది.

ఇన్‌స్పెక్టర్ చూస్తున్నది ఒక మనిషి చావు. అయినా కళ్లు చెమర్చింది రోబో కోసం. తన మీద తనకే రోత పుట్టింది. లేచి బూత్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నాలుగు గోడలూ పరికించాడు. బయటికి వచ్చి అందర్నీ పిలిచాడు.

"ఆ ఆఖరి డైలాగు ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు సార్," అన్నాడు డైరెక్టరు. "మాస్టారు అప్పటికప్పుడు అన్నారు. డబ్బా చెయ్యెత్తాడు, దానికి తగ్గట్టు ఈయన అందుకున్నారు. మేం చప్పట్లు కొట్టాం."

"మాస్టారూ, చెయ్యెత్తటం మీరు చూశారా?"

"చూడబట్టేగా అన్నాను."

"ఎక్కణ్ణుంచి? బూత్‌కు కిటికీ లేదు. షాట్ చూపించే టీవీ పెట్టే చోట నాలుగు మేకులే ఉన్నాయి."

"టీవీ రిపేరుకు పోయి వారమైంది," అన్నాడు డైరెక్టరు. అని ఆగిపోయాడు.

"జ్ఞాపకాలు చెరిపే సీను ఇది. అందులో గాలి ఊసే లేదు. చూడలేని మనిషికి, హెడ్‌ఫోన్ మూగబోయిన మనిషికి, గాలి మాట ఎలా తట్టింది? మీకు వినబడింది మాస్టారూ. ఊపిరాడటం లేదని అతనన్నాడు. మీరు జవాబిచ్చారు."

మాస్టారు గ్లాసు కింద పెట్టాడు.

"కట్ అందామనే నోరు తెరిచానండీ. ఆ మాట వచ్చింది. అది నేనన్నట్టు లేదు, రోబోయే అన్నట్టుంది. పన్నెండేళ్లుగా పిల్లలకు దాని గొంతు తెలుసు. నన్నెవరూ ఎరగరు. ఇప్పుడు అదీ వాడికే ఇస్తారట. ఒక్క నిమిషం ఉక్కిరిబిక్కిరైతే సూటంటే బెదిరి మానేస్తాడనుకున్నాను. కట్ అన్నాక హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను. ఫ్యాను డాక్టరమ్మ వేస్తుందనుకున్నాను. రోజూ వేస్తుందిగా."

"పక్కన పెట్టేటప్పుడు ఇంకా అతని మాటలు వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

హెడ్ కానిస్టేబుల్ ముందుకు వచ్చాడు. డైరెక్టరు సీసా మూతల గోడకు ఆనుకున్నాడు.

డాక్టరమ్మ లేచింది. ఆమె మీద కేసు ఉండదని ఇన్‌స్పెక్టర్ చెప్పబోయాడు. ఆమె వినలేదు. మాస్టారు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఏమన్నాడు వాడు?"

"వద్దులే అమ్మా."

"నేను ఎదురుగానే ఉన్నాను. ముట్టుకునేంత దగ్గర. నాకు వినబడలేదు. నీకొక్కడికే వినబడింది. చెప్పు."

మాస్టారు పెదాలు తడుపుకున్నాడు.

"అక్కా, ఫ్యాను వెయ్యి."

రేకు మీద గీసినట్టు ఉందా గొంతు. రోబోది. అతనే ఉలిక్కిపడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"అక్కా..."

మళ్ళీ అదే. మెడ నరాలు తేలేలా మరోసారి ప్రయత్నించాడు. మళ్ళీ అదే.

ఆమె అతని నోటి మీద చెయ్యి వేసి గట్టిగా మూసింది.

ఆ చెయ్యి తీయించటానికి ఇన్‌స్పెక్టర్ చాలాసేపు కదల్లేదు.