ఏడో నంబరు బండి మేడ దిగింది

ఆ ఉదయం ఇహ్సాన్‌కి ఎడమ కాలి చెప్పు కనిపించలేదు. కుడిది మంచం కింద బుద్ధిగా ఉంది. కుట్టుమిషను వెనక వెతికింది, సోఫా జరిపింది, ఆఖరికి ఫ్రిజ్ మీద కూడా చూసింది.

"మొన్న కొలతల టేపు పోయింది, ఇవాళ చెప్పు. అదీ ఒక్కటే! ఈ బిల్డింగులో ఒంటికాలి దొంగ ఎవడైనా తిరుగుతున్నాడా?"

"వాడికి టేపెందుకమ్మా మరి?" అంది షహీరా, రొట్టెతో చిక్కుడు గింజల ఫూల్ అద్దుకుంటూ.

"నీ వెటకారం తగలెయ్య! మీ నాన్న ఏడీ?"

చెప్పనక్కర్లేదు. డాబా మీద సుత్తి చప్పుడు అయిదో అంతస్తులోని ఆ ఇంటి గిన్నెల్ని కూడా కదిలిస్తోంది.

ఫిక్రీ అలెగ్జాండ్రియా సముద్రపొడ్డున ఓ ఆటల పార్కులో ఇరవై రెండేళ్ళు మెకానిక్కు. పిల్లలు గుండ్రటి దారిలో తోలే గో-కార్టులు అతని చేతుల్లోనే బతికేవి. పార్కు మూతపడింది. ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మాట తిరిగొచ్చింది గానీ మాట్లాడాలన్న కోరికే రాలేదు. ఫూల్‌లో ఉప్పు తక్కువైతే వీధి వినేలా పోట్లాడే మనిషి, బాల్కనీ కుర్చీలో బొమ్మలా కూర్చుండిపోయాడు.

మందుల షాపులో పనిచేసే షహీరా ఒకరోజు ఇంటికొస్తూ, ఆ పార్కు వెనక పిచ్చి మొక్కల్లో ఒక కార్టును చూసింది. ఎవరో మధ్యకి కోసి వదిలేశారు. కాపలాదారు తీసుకుపొమ్మన్నాడు. ఆ రెండు ముక్కలూ డాబా ఎక్కిన రోజున ఫిక్రీ తుప్పు గోకి చూసి, "ఏడో నంబరు" అన్నాడు. అప్పటికి వారం రోజులై అతని నోట మాట లేదు. అక్కణ్ణుంచి నోరు తండ్రిది, చేతులు కూతురివి; అతని కుడి చేతికి సుత్తి ఒక్కటే. ఆమె వెల్డింగు చేస్తుంటే అతను తిట్టేవాడు. ఇహ్సాన్ బట్టలు నానబెట్టే టబ్బులో ఇంజను నానింది.

కింద వీధిలో పాత సామాన్ల బండి కేక వినపడింది. "రోబాబీకియా!"

ఇహ్సాన్ బాల్కనీలోంచి వంగి, "ఓ జిన్‌హుమ్! రంపం పట్టుకుని పైకి రా!" అని పిలిచింది.

జిన్‌హుమ్ ఆయాసపడుతూ డాబా ఎక్కాడు, వెనకే తల్లీకూతుళ్ళూ ఎక్కారు. కార్టు చుట్టూ తిరిగి, మూరలు వేసి కొలిచి, ఇంటి పెద్దావిడ వైపు చూసి బుర్ర గోక్కున్నాడు.

"హాజ్జా, లిఫ్టు మీ అయిదో అంతస్తు దాకే, అందులో ఇది పట్టదు కూడా. మన మెట్ల మలుపుల్లో ఎలా దిగుతుంది?"

ఫిక్రీ కూతురివైపు చూశాడు. కూతురు తండ్రివైపు చూసింది. రెండు ముక్కలుగా ఎక్కించి పైన అతికించారు. మెట్ల సంగతి ఇద్దరికీ తట్టనేలేదు. షహీరాకి నవ్వాగలేదు.

"తండ్రికీ కూతురికీ కలిపి ఒక్క బుర్ర కూడా లేదు!" అంది ఇహ్సాన్. "కోసి పట్టుకుపో నాయనా."

షహీరా నవ్వు ఆగిపోయింది. కార్టుకి అడ్డంగా నిలబడింది. "ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను. అమ్మా, మొన్నటిదాకా మంచినీళ్ళు కూడా అడగని మనిషి ఇవాళ నన్ను రోజుకి ఇరవైసార్లు తిడుతున్నాడు. నీకు వినపడటం లేదా?"

"వినపడుతోందే! ఆయన ఎక్కే ప్రతి మెట్టూ వినపడుతోంది!" అంది ఇహ్సాన్. "మెట్లు ఎక్కనివ్వకు, ఇంకోసారి వస్తే మనిషి దక్కడు అని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆర్నెల్లుగా ఆ మాట నేనొక్కదాన్నే మోస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఫిక్రీ.

"చెబితే వింటావా నువ్వు?"

ఫిక్రీ పోట్లాడలేదు. తలుపు పక్క పీట మీద కూర్చుని, "కోసెయ్ జిన్‌హుమ్" అన్నాడు. మళ్ళీ ఆ బాల్కనీ కుర్చీలోని గొంతే. ఇహ్సాన్ గెలిచినట్టే ఉంది, కానీ ఈ గెలుపు ఆమెకి అక్కర్లేదు.

రంపం పెట్టబోతూ వంగిన జిన్‌హుమ్, మేస్త్రీ ఫిక్రీవైపు తలెత్తాడు. "ఇదేంటి ఉస్తా? పెడలుకి చెప్పు కట్టారు?"

ఇహ్సాన్ ఎడమ చెప్పు. సీటు మీద ఆమె టేపు.

"అది బ్రేకు," అన్నాడు ఫిక్రీ తల వంచుకుని. "మెట్ల మీద పడ్డప్పట్నుంచీ నీ ఎడమకాలు పూర్తిగా చాపలేవుగా. అందుకే పెడలుని నాలుగు వేళ్ళ మేర వెనక్కి జరిపాం. చెప్పు కట్టి చూడకపోతే సరిపోయిందని ఎలా తెలుస్తుంది?"

"నాకా? ఈ వయసులో నాకెందుకయ్యా?"

"ఇరవై రెండేళ్ళు క్యారియర్ తెచ్చి టైర్ల గోడ అవతల ఎండలో నిలబడ్డావు. ఒకే ఒక్కసారి అడిగావు, నన్నూ ఎక్కించు ఫిక్రీ అని. జనం తగ్గనీ అన్నాను." మోకాలి మీది గ్రీజు మరక గోకాడు. "తగ్గలేదు."

ఇహ్సాన్ టబ్బు అంచు మీద కూలబడి, తలగుడ్డ అంచు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది. ఈయన్ని బతికించుకోవాలని, బతకడానికి ఆయన పట్టుకున్న దాన్నే కోయించబోయానే అనుకుంది. షహీరా వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

కాసేపటికి ఇహ్సాన్ ముక్కు చీదింది. "జిన్‌హుమ్, రంపం లోపల పెట్టు. తాళ్ళు తీసుకురా."

ఆ వీధిలో పెళ్ళికూతుళ్ళ బీరువాలు, ఫ్రిజ్‌లు కొత్త ఇళ్ళకి తాళ్ళతో బాల్కనీల మీదుగానే ఎక్కుతాయి. శుక్రవారం నమాజు అయ్యాక ఏడో నంబరు అదే దారిన దిగింది. అలవాటు కొద్దీ ఆడవాళ్ళంతా నాలుకలాడిస్తూ పెళ్ళి కేకలు పెట్టారు. కింద నీడలో కుర్చీ వేయించుకుని ఫిక్రీ అందరినీ తిట్టాడు. "ఎడమకి! ఎడమంటే తెలుసా మీకు?" ఇక పనంతా ఇక్కడే, ఈ కుర్చీలోంచే అని ఇహ్సాన్ ముందే ఒట్టు వేయించుకుంది.

బడి వెనక ఖాళీ మైదానంలో ఇంజను దగ్గి, ఉమ్మి, అందుకుంది. రెండు చెప్పులూ వేసుకున్న ఇహ్సాన్ స్టీరింగును గట్టిగా పట్టుకుంది.

"బ్రేకు అందుతోందా?" అడిగాడు ఫిక్రీ.

"అందుతోంది."

"కావలసినప్పుడు అందుతుందిగా. ఇక బ్రేకు మీంచి కాలు తియ్యి, ఇహ్సాన్."

ఆమె కాలు తీసింది.