ఆగిపోయిన వాడకం

హాటీ లిండ్‌క్విస్ట్ కోటు విప్పలేదు. హీటరు పక్క కుర్చీ చూపించినా అంచుమీదే కూర్చుని, చేతిసంచిలోంచి పట్టణ కార్యాలయం పంపిన ఉత్తరం తీసి డిటెక్టివ్ ఆరిన్ పెల్ బల్లమీద పెట్టింది.

ఎల్డన్ ఫాల్స్‌లో రంపాలకూ ఐస్ స్కేట్లకూ పదును పెట్టే కొట్టు ఆమెది. భర్త నెల్స్ ఇంటివెనక షెడ్డులో నలభై ఏళ్ల కిందట పెట్టాడు. తర్వాత ఆ వీధిని నివాసాల జోన్ చేశారు. ముందునుంచీ ఉన్నది కదా అని కొట్టు జోలికి పోలేదు. కిందటి నవంబరులో నెల్స్ పోయాడు. ఆగస్టు దాకా ఆమె ఆ షెడ్డు తలుపు తీయలేకపోయింది.

"తొమ్మిది నెలలు మూసేశాను, నిజమే," అంది హాటీ. "ఏడాది దాకా మూసినా హక్కు పోదని నెల్స్ ఎప్పుడూ చెప్పేవాడు. ఇప్పుడేమో గడువు ఆరు నెలలే అంటున్నారు. గురువారం విచారణ. ఆ సానరాయి చప్పుడు కూడా పోతే, ఇంట్లో ఆయన ఇంకేం మిగిలాడు?"

పక్కన రాసుకుంటున్న సహాయకురాలు డెస్సా కలం ఆగింది. పెల్ దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఆయన లేచి కాఫీ వంచుతున్నాడంటే ఆ కేసు ఒప్పుకున్నట్టేనని ఆమెకు తెలుసు.

పట్టణ కార్యాలయంలో నిబంధనల పుస్తకం విడికాగితాల ఫైలు. ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరంతా సభగా కూడి ఓటు వేస్తుంది. ఏదైనా మారితే ఆ పేజీ ఒక్కటీ తీసి కొత్తది పెట్టి, అడుగున సభ తేదీ టైపు చేస్తారు. నిర్వచనాల పేజీలో 'ఆగిపోయిన వాడకం' అంటే వరుసగా ఆరు నెలలు మూతపడినది అని ఉంది. అడుగున 1969 మార్చి 4. మిగతా రెండు ప్రతుల్లోనూ అదే పేజీ; మూడూ ఒకే బీరువాలో ఉంటాయి. ఆ ఏటి సభ మినిట్స్ మాత్రం నేలమాళిగలో నీళ్లొచ్చినప్పుడు నానిపోయాయట.

నెల్స్ మాటే నిజమైతే ఆ పేజీ ఎవరో మార్చి పెట్టి ఉండాలి. బీరువా తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉన్నాయి: ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఇరవై నాలుగేళ్లుగా గుమాస్తా అయిన మేబెల్ థార్న్, పట్టణ బోర్డు అధ్యక్షుడు ఎవరెట్ డన్‌మోర్, నాలుగేళ్ల కిందట ఊరికి వచ్చిన జోనింగ్ అధికారి కర్టిస్ వీలన్.

"నామీద అనుమానమా ఆరిన్?" అంది మేబెల్. "ఉన్న కాగితం ఫైల్లో పెట్టడానికే నాకు వారం పడుతుంది. లేనిది పుట్టించే ఓపిక ఎక్కడిది?"

తిరిగొచ్చేటప్పుడు పెల్ హాటీ ఇంటి దగ్గర ఆగి, అరవై తొమ్మిది సభ సంగతి అడిగాడు. ఆమె మొహంలోకి వెలుగొచ్చింది. మంచు కిటికీల దాకా పడిందట. ఊరి భోజనానికని ఆమె వండిన చిక్కుడుగింజల కూర నాలుగు కుండలు వసారాలో గడ్డకట్టిపోయాయట. నెల్స్ వారమంతా అవే తిని, ఒక్కరోజూ మొహం చిట్లించలేదట. పెల్ చాలాసేపు విని, నెమ్మదిగా టోపీ అందుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం విచారణకి అందరూ సభ హాల్లో కూర్చున్నారు. పెల్ ఎవరెట్ వైపు తిరిగాడు.

"అరవై తొమ్మిదిలో సభ నడిపింది మీరే కదా?"

"నడపడానికేముంది?" అన్నాడు ఎవరెట్. "మంచుబూట్లు తొడుక్కుని వచ్చి తాళం తీశాను. ఒక్క నరపురుగు లేదు. వారం వాయిదా అని ఖాళీ కుర్చీలకి చెప్పి ఇంటికి పోయాను."

"అది మొదటి మంగళవారం. నాలుగో తేదీ. మరి ఆ రోజు ఈ మార్పుకి ఓటు వేసిందెవరు?"

ఎవరెట్ కళ్లజోడు పెట్టుకుని పేజీ అడుగు చూశాడు. మేబెల్ కూడా తొంగిచూసింది.

"ఈ పేజీ చేసినవాడు మినిట్స్ లేని ఏడాదిని వెతికి పట్టుకున్నాడు," అన్నాడు పెల్. "కేలండరు చూసి మొదటి మంగళవారం తేదీ వేశాడు. ఆ చలికాలం ఇక్కడున్నవాళ్లు ఎవరైనా అలా వేయరు. ఆ సభ తర్వాతి మంగళవారం ఈ గదిలో జరిగిందని వాళ్లకి తెలుసు కాబట్టి. బీరువా తెరవగలిగిన ముగ్గురిలో అప్పటికి ఊళ్లో లేనివాడు ఒక్కడే."

వీలన్ ఒప్పుకున్నాడు. చేతులు చూసుకుంటూ చెప్పాడు. వసంతంలో హాటీ పక్కిల్లు కొన్నాడు. అప్పుడు షెడ్డు మూసి ఉంది. అతని భార్యకు భరించలేని తలనొప్పి. తెల్లవారితే గాని కన్ను మూతపడదు. ఆగస్టు నుంచి పొద్దున ఆరింటికల్లా సానరాయి మొదలు.

ఎవరెట్ ఆ పేజీ తీసేయించాడు. గడువు ఏడాదేనని, కొట్టు హక్కు అలాగే ఉందని ప్రకటించాడు. తర్వాత తాళంచెవుల కోసం చెయ్యి చాపాడు. వీలన్ ఇచ్చేసి తలుపువైపు నడిచాడు.

"బాబూ," అని పిలిచింది హాటీ. "మీ ఆవిడ ఎన్నింటికి లేస్తుంది?"

"పది... పదిన్నరకి."

"అయితే పదకొండుకి మొదలుపెడతాను. కంచె పక్కకొచ్చి ఒక్క మాట అడగాల్సింది."