బ్రేకు గట్టిపడేదాకా

కారు ఎడమ వైపు ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించి ఉంది. పిన్ని పాత దుప్పటి పరుచుకుని నేల మీద కూర్చుంది. ఆమె అక్క కూతురు చిటికె, చక్రం నట్లన్నీ ఒక డబ్బా మూతలో వేసి పట్టుకుని పక్కనే నిలబడింది.

ఆ పిల్ల అసలు పేరు స్కూల్లో తప్ప ఎక్కడా వినపడదు. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోయింది" అంటుంది. అందుకని ఇంట్లో అందరికీ చిటికె అయింది.

పిన్ని స్కూలు బస్సు నడుపుతుంది. కొన్నాళ్లుగా అమ్మ కారు బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంటోంది. పిన్ని ఆ చప్పుడు వినగానే ప్యాడ్లు అరిగిపోయాయని చెప్పింది. సెలవు రోజు చూసుకుని తనే వచ్చి మారుస్తానంది.

కుడి వైపు పని పొద్దున్నే ముగిసింది. ఎడమ వైపు పాత ప్యాడ్లు బయటికి తీసి పిన్ని చిటికె చేతికిచ్చింది. అవి బిస్కెట్ల కంటే పల్చగా ఉన్నాయి. కొత్తవి చాలా మందంగా ఉన్నాయి.

"ఇంత లావువి అందులో ఎలా పడతాయి పిన్నీ?" అని చిటికె అడిగింది.

లోపల పిస్టన్ అని ఒకటుంటుందని, బ్రేకు తొక్కితే అదే ప్యాడ్లను చక్రం వెనకున్న ఇనప పళ్లేనికి నొక్కి పెడుతుందని పిన్ని చెప్పింది. తర్వాత క్లాంపు అనే బిగింపు పనిముట్టు తగిలించి ఆ పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నెట్టింది. కొత్త ప్యాడ్లు చక్కగా కూర్చున్నాయి. చక్రం ఎక్కించి నట్లు బిగించింది. జాకీ దించింది.

ఇక మిగిలింది ఒక్క పనే. అది చిటికెకు దక్కింది. డ్రైవరు సీటు అంచున కూర్చుని బ్రేకు పెడల్ మళ్లీ మళ్లీ తొక్కాలి. మొదట్లో పెడల్ దూదిలా లోపలికి పోతుంది. వెనక్కి నెట్టిన పిస్టన్ ముందుకొచ్చి ప్యాడ్లను తాకాక గట్టిపడుతుంది.

"గట్టిపడేదాకా తొక్కు. ఈలోపు నేను చేతులు కడుక్కొస్తాను" అని పిన్ని పెరట్లోకి వెళ్లింది.

చిటికె తొక్కడం మొదలుపెట్టింది. పెడల్ మెత్తగా కిందికి పోయింది. మళ్లీ తొక్కింది. కాస్త నయం అనిపించింది. అప్పుడే ఎదురింటి స్నేహితురాలు గేటు దగ్గర నిలబడి షటిల్ బ్యాటు ఊపింది. అందరూ వచ్చేశారు, ఇక తనదే ఆలస్యం అంది.

చిటికె ఇంకోసారి తొక్కి కిందికి దూకింది.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి అయిందా అని అడిగింది.

"అయిపోయింది పిన్నీ" అంటూ చిటికె మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకోసాగింది.

పిన్ని కారెక్కి ఇంజను స్టార్ట్ చేసింది. వీధిలో ఒక చుట్టు తిప్పి చూద్దామనుకుంది. వాకిలి గేటు వైపు కాస్త వాలుగా ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వదలగానే కారు మెల్లగా కదిలింది. గేటు ముందు ఆపబోతే కాలి కింద పెడల్ అడుక్కంటా పోయింది. కారు ఆగలేదు. పిన్ని చటుక్కున హ్యాండ్ బ్రేకు లాగింది.

కారు గేటు పక్కనున్న పూలకుండీని గోడకు అదిమి ఆగింది. కుండీ పగిలి మట్టి కుప్పగా పడింది.

చిటికె చేతిలో లేసు అలాగే ఉండిపోయింది. కాసేపటి క్రితం దాకా తమ్ముడు ఆ కుండీ దగ్గరే కూర్చుని చెంచాతో మట్టి తవ్వుతున్నాడు. స్నానానికి రానని వాడు ఏడుస్తుంటే అమ్మ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లింది.

పిన్ని ఇంజను ఆపి కిందికి దిగింది. ముఖం పాలిపోయి ఉంది. పగిలిన కుండీ దగ్గరికి వెళ్లి చూసింది. చిటికెకు పిన్ని తిడితే బాగుండుననిపించింది.

"పెడల్ గట్టిపడిందా లేదా?" పిన్ని మెల్లగా అడిగింది.

"లేదు. ఆటకి ఆలస్యమవుతోందని..."

పిన్ని తల ఊపింది. "కారు కదిలించేముందు నేను కూడా తొక్కి చూసుకోవాల్సింది. అది నా తప్పే. కానీ నువ్వు అయిందన్నావు కదా అనే ధీమాతో ఎక్కాను."

పిన్ని చీపురు తెచ్చి మట్టి ఎత్తింది. చిటికె పెంకులు ఏరింది. మొక్కను ఇద్దరూ కలిసి పాత బక్కెట్లో నాటారు.

స్నేహితురాలు మళ్లీ పిలిస్తే చిటికె ఇప్పుడు రాలేనంది. డ్రైవరు సీటులో కూర్చుని పెడల్ తొక్కింది. మెత్తగా పోయింది. తొక్కుతూనే ఉంది. కాసేపటికి అది కాలికి ఎదురు తిరిగింది. రాయిని తొక్కినట్టుంది. అయినా ఇంకొన్నిసార్లు తొక్కింది.

"గట్టిపడింది పిన్నీ. నువ్వూ ఒకసారి తొక్కి చూడు."

పిన్ని తొక్కి చూసి గేటు తీసింది. కారును వీధిలోకి తీసుకెళ్లి నాలుగడుగులకోసారి ఆపుతూ నడిపింది. ఆపిన చోటల్లా ఆగింది. కీచుమనలేదు.

చిటికె మెట్ల మీద నిలబడి చూస్తోంది. ఉన్నట్టుండి ఇంకో "అయిపోయింది" గుర్తొచ్చింది. పొద్దున అమ్మ అడిగితే తను అన్న మాట అది. దాన్ని గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. అడగరు కూడా.

లోపలికి వెళ్లి సబ్బు రాసి చేతులు కడుక్కుంది. గోళ్ల సందుల్లో నలుపు పోయేదాకా రుద్దింది. అమ్మమ్మ గదిలోకి వెళ్లి మంచం పక్కన నిలబడింది.

"అమ్మమ్మా, పొద్దున నీకు ఒక కంట్లోనే మందు వేశాను. రెండో కంట్లో వెయ్యకుండానే వేశానని అమ్మతో చెప్పాను."

అమ్మమ్మ కళ్లజోడు తీసి మనవరాలిని పరీక్షగా చూసింది.

"అలా చెప్పు మరి. పొద్దున్నుంచీ ఈ ఎడమ కన్ను ఒకటే మంట. పాపం, ఆ డాక్టరుకి చదువు రాలేదని తిట్టుకుంటున్నాను."

చిటికెకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అలమర మీదున్న మందు సీసా తెచ్చింది. అమ్మమ్మ తల వెనక్కి వాల్చి కూర్చుంది. చిటికె ఒక చేత్తో రెప్ప పట్టుకుని ఒక్క చుక్క వేసింది. అది రెప్ప మీద పడి చెంప మీదికి జారింది. తుడిచి మళ్లీ వేసింది. ఈసారి కంట్లో పడింది.

బయట షటిల్ ఆట కేకలు వినిపిస్తున్నాయి. అమ్మమ్మ కళ్లు మూసుకునే అయిందా అని అడిగింది.

"ఇంకా లేదు అమ్మమ్మా. మందు లోపలికి దిగనీ" అని చిటికె మంచం అంచున కూర్చుంది.