బటన్లు పీకేసిన ఫోన్

"మూడో అంతస్తు. ఆఫీసు మెషిన్ల రిపేరు షాపు. బయట కాలిక్యులేటర్లు బాగుచేస్తారు, లోపల విదేశీ ముఠా కాపురం," అన్నాడు పెద్దాయన, లిఫ్టు తలుపు మూసుకోగానే. సంస్థలో బ్రీఫింగులన్నీ లిఫ్టులోనే. ఐదంతస్తులు దిగేలోగా చెప్పలేని సంగతి చెప్పనక్కర్లేదని ఆయన నమ్మకం.

"లోపల మన మనిషి ఉంటుంది, మారుపేరు అత్తరు. నీ కోడ్ 'టైప్‌రైటర్ రిబ్బన్ చిక్కుపడింది'. తన జవాబు 'నల్లదా, ఎర్రదా?' తేడా వస్తే మన నంబరుకే ఫోన్ చెయ్యి. పోలీస్ కంట్రోల్ రూములోనూ, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోనూ వాళ్ల మనుషులున్నారు."

"నంబరు మారలేదుగా సార్?"

"లేదు. వేళ్లకి గుర్తుంటే చాలు, నోటికి రానివ్వకు."

సంస్థ పద్ధతి అది. ఆ నంబరును ఎవరూ అంకెలుగా నేర్చుకోరు. కళ్లు మూసుకుని, ఫోన్ బటన్ల మీద వెయ్యిసార్లు నొక్కి వేళ్లకు అలవాటు చేస్తారు. శత్రువు ఎంత చితక్కొట్టినా చెప్పడానికి అంకెలుండవు.

లిఫ్టు దిగిన ఏజెంటు పూర్వాశ్రమంలో టెలిఫోన్ లైన్‌మన్. ఎత్తూ ఎక్కువే. అందుకే అందరూ స్తంభం అంటారు. సరిగ్గా పదింటికి అతను రిపేరు షాపు కౌంటర్ ముందు నిలబడి కోడ్ చెప్పాడు.

"నల్లదా, ఎర్రదా?" అంది అత్తరు, నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, మనిషి మతిపోయేలా నవ్వుతూ. కోడ్ అంతా సరిగ్గానే ఉంది. వెనకనుంచి ముక్కు మీద పడిన రుమాలు మాత్రం కోడ్‌లో లేదు.

మెలకువ వచ్చేసరికి విడిభాగాల గదిలో ఉన్నాడు. కిటికీ లేదు. చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతున్నాయి. అరల నిండా విప్పేసిన మెషిన్లు, బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, గోడకు రివెట్లు కొట్టి బిగించిన ఫోన్. దాని బటన్లు పీకేశారు. కాల్స్ వస్తాయి, వెళ్లవు. హుక్ తట్టి నంబరు కలిపే రోజులు పోయాయి. కొత్త ఎక్స్ఛేంజ్ బటన్ల టోన్లు తప్ప మరేమీ వినదు.

అత్తరు గుమ్మంలో నిలబడి ఉంది.

"పదకొండింటికి ఎక్స్ఛేంజ్ పేలిపోతుంది. బాంబు బ్యాటరీ రూములో ఉంది. దాని పైనేగా మీ చెల్లెలు కూర్చునేది? పాపం."

"నువ్వెవరి వైపు?"

"గెలిచేవాళ్ల వైపు," అని తాళం వేసుకుని వెళ్లిపోయింది.

టైము పదీ ఇరవై. స్తంభానికి భయం వేసింది. తన గురించి కాదు. ఇంట్లో వద్దంటున్నా వినకుండా చెల్లెల్ని ఆపరేటర్ ఉద్యోగంలో చేర్పించింది తనే. ఇవాళ పొద్దుటి షిఫ్టు.

అరలోంచి పాడైన ఫోన్ ఒకటి లాగాడు. దానికీ బటన్లు లేవు. ముఠావాళ్లు జాగ్రత్తపరులే. కానీ లోపల టోన్ చిప్ ఉంది, పక్కన గోరంత క్రిస్టల్ ఉంది. ఒక్కో అంకెకూ రెండేసి స్వరాలు కలిపి పలికించేది అవే. బటన్లు కాలిక్యులేటర్ ఇచ్చింది, తొమ్మిది వోల్టుల బ్యాటరీ కూడా అదే ఇచ్చింది. ఇయర్‌పీస్ స్పీకరైంది. ఏడు వైర్లు. మూడోది రెండుసార్లు ఊడింది.

"ఏంటా వాసన?" అన్నాడు తలుపవతల కాపలావాడు.

"నీ సిగరెట్టే. బ్రాండు మార్చు."

వాడు గొణుక్కుంటూ ఊరుకున్నాడు. పదీ నలభై రెండుకి అరచేతిలో పట్టే టోన్ డయలర్ తయారైంది. స్తంభం రిసీవర్ ఎత్తి, మాట్లాడే వైపు దాన్ని ఆనించి, కళ్లు మూసుకుని నొక్కాడు. అవతల రింగయింది.

"లాండ్రీ. మీ కోట్లు శుక్రవారానికి గానీ అవ్వవు," అని ఫోన్ పెట్టేశారు.

మళ్లీ నొక్కాడు. మళ్లీ లాండ్రీ. వైరింగ్ తప్పా? ఏడు నొక్కితే ఏడు పలికేలాగే కలిపాడే. కళ్లు తెరిచి కాలిక్యులేటర్ చూశాడు. పైవరసలో ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఫోన్‌లో పైవరస ఒకటి, రెండు, మూడు. వేళ్లు వాటి దారిన అవి సరిగ్గానే నడిచాయి, కింద నేలే తలకిందులైంది.

వైర్లు మార్చే టైము లేదు. బల్ల మీది దుమ్ములో ఫోన్ బటన్లలాగా పన్నెండు గళ్లు గీసి, అంకెలు వేశాడు. కళ్లు మూసుకుని ఒక్కో గడి దగ్గరా వేలు ఆపాడు, కళ్లు తెరిచి చదివాడు. పదకొండేళ్ల సర్వీసులో తమ నంబరేమిటో అతనికి మొదటిసారి తెలిసింది.

పదీ నలభై తొమ్మిది. "పూల కొట్టండీ," అంది పెద్దాయన గొంతు.

"అత్తరు అమ్ముడుపోయింది సార్. ఎక్స్ఛేంజ్ బ్యాటరీ రూములో బాంబు. పదకొండింటికి."

"పెట్టెయ్."

ఇక చేయగలిగిందేమీ లేదు. స్తంభం హుక్ తట్టి తట్టి డయల్ టోన్ వింటూ కూర్చున్నాడు. ఆ టోన్ ఎక్స్ఛేంజ్ నుంచి వస్తోంది. అది వినబడినంతసేపూ చెల్లెలు కూర్చున్న భవనం నిలబడే ఉన్నట్టు.

పదకొండుకి పది సెకన్లుండగా టోన్ ఆగిపోయింది.

రిసీవర్‌ని చెవికేసి నొక్కుకున్నాడు. ఏమీ లేదు. కూలిపోయాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు, ఉన్నట్టుండి చెవిలో మళ్లీ టోన్ మొదలైంది. బాంబు అందుకోవడానికి బ్యాటరీ కేబుళ్లు విప్పి మళ్లీ బిగించారన్న సంగతి తర్వాత తెలిసింది. ఇప్పుడు మాత్రం ఆ ఒక్క స్వరమే వింటూ పిచ్చివాడిలా నవ్వాడు.

తాళం తిరిగింది. గుమ్మంలో అత్తరు. వెనక కాపలావాడు నేలమీద గుర్రుపెడుతున్నాడు, ముక్కు మీద రుమాలు.

"పద, కింద మనవాళ్లొచ్చారు," అంది. "బాంబెక్కడుందో చెప్పింది నేనేనని రిపోర్టులో రాయడం మర్చిపోకు. నేను మీ వైపే."

"ఎప్పట్నుంచి?"

ఆమె వాచీ చూసుకుంది.

"పదకొండూ రెండు నుంచి."