మగ్దలీనమ్మ ఫోనుకొచ్చే ఓటీపీ

"ఒక్క మనిషి పేరు పాడవుతుంది. అంతే కదా?" అన్నాడు చీఫ్ హజరత్తయ్య.

ఏజెంట్ డెబోరాకి ఒళ్ళు మండింది.

సూళ్లూరుపేట నుంచి రాకెట్ కేంద్రానికి పోయే రోడ్డు పక్కన, పులికాట్ ఒడ్డున, 'బర్డ్ వాచర్స్' అని స్టిక్కరంటించిన వ్యాను ఆగి ఉంది. లోపల రెండు మానిటర్లు, ఒక సిగ్నల్ ట్రేసర్, మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకున్న చీఫ్. ఫ్లెమింగోలు రావడానికి ఇంకా నెలలు పడుతుంది. జూలై ఎండలో లేని పిట్టల్ని చూడ్డానికొచ్చిన పెద్దమనిషిని చూసి గొర్రెలు తోలుకుపోయేవాడు కూడా నవ్వుకుని పోయాడు. ఇదీ మన సీక్రెట్ సర్వీస్ వారి మారువేషం!

"మొదట్నుంచి చెప్పండి సార్," అంది డెబోరా.

మానిటర్ మీద ఒక ఫొటో వెలిగింది. సన్నటి మనిషి, నుదుటి మీద జుట్టు పలచబడుతోంది.

"కిషోర్ బాబు. ట్రాకింగ్ ఇంజనీరు. పైకి లేచిన రాకెట్‌తో మాట్లాడే సిగ్నల్ కోడ్స్ ఇతని చేతిలో ఉంటాయి. రేపు పొద్దున లాంచ్ డ్యూటీకి లోపలికి పోతాడు. ఈలోపే అతన్ని లొంగదీసుకోవాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. ఆయుధం ఏంటో చెప్పు చూద్దాం."

"బాంబా?"

"ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్."

డెబోరా నవ్వలేదు. చీఫ్ కూడా నవ్వలేదు.

బజార్లో 'పన్నుతోడు' అని ఒక సెంటర్ వెలిసింది. సాఫ్ట్‌వేర్ ప్రశ్నలడుగుతుంది, మనం జవాబులు నొక్కుతాం, రిటర్న్ తయారవుతుంది, ఫీజు లేదు. అందులో ఒక ప్రశ్న: విదేశాల్లో మీ పేరున బ్యాంకు ఖాతా ఉందా? ఊళ్ళో అందరూ 'లేదు' అనే నొక్కుతారు. కిషోర్ బాబూ అదే నొక్కుతాడు. కానీ ముఠా వాళ్ళు అతని పేరున నిజంగానే ఒక ఖాతా తెరిచి డబ్బు వేసి ఉంచారు. అతను నొక్కిన 'లేదు'ని సాఫ్ట్‌వేర్ లోలోపల 'ఉంది' అని మార్చేస్తుంది. ఆధార్ ఓటీపీ కొట్టి వెరిఫై చేశాడంటే స్వయంగా సంతకం పెట్టి ఒప్పుకున్నట్టే. సాయంత్రానికి ఫోన్ వస్తుంది: కోడ్స్ ఇస్తావా, దేశద్రోహి అనిపించుకుంటావా?

"సెంటర్ నడిపే రెజీనా మన మనిషే," అన్నాడు చీఫ్. "ముఠాలో మనం నాటిన డబుల్ ఏజెంట్. ఓటీపీ అందుకుని కొట్టేవాడు ముఠా బాస్. వాడి కోడ్ నేమ్ ఆడిటర్. వాడు లైన్లో కాసేపు ఉంటే చాలు, ట్రేసర్ పట్టేస్తుంది. కాబట్టి నువ్వు దూరంగా ఉండి చూడు. ఓటీపీ పోతే పోనీ. చెయ్యి పెట్టొద్దు."

"పోయాక కిషోర్ బాబు గతి?"

"ఎంక్వైరీ అవుతుంది. సస్పెన్షన్ ఉంటుంది. తర్వాత నిదానంగా..."

"ఫైల్లో చదివాను సార్, అతని కూతురు వినీలకి నడక రాదు. రోజూ ఫిజియోథెరపీ చేయించాలి. తండ్రి పేరు చెడితే ఆ బిడ్డ మంచం మీదే ఉండిపోతుంది. నిదానంగా అంటే ఎప్పుడు?"

"ఇది ఆర్డర్, డెబోరా."

"నేను పోనివ్వను సార్."

"ఏమన్నావ్?"

"వినపడిందే అన్నాను."

వ్యాను తలుపు లాగి దిగిపోయింది. వెనక చీఫ్ ఏదో అరిచాడు. అరవనీ.

*

ఇందుకూరుపేట టీచరమ్మ వేషం. కాటన్ చీర, నల్ల గొడుగు, హ్యాండ్‌బ్యాగులో జీతం, పన్ను లెక్కలున్న నకిలీ ఫారం-16. కళ్ళజోడులో కెమెరా, చెవి కమ్మలో మైకు. డెబోరా సెంటర్లో అడుగుపెట్టేసరికి లోపల చేపల మార్కెట్లా ఉంది. రిటర్న్ వెయ్యడానికి అదే ఆఖరి రోజు మరి. మన జనం ఆఖరి రోజు దాకా ఆగకుండా ఏ పనైనా చేశారా?

"పాత పద్ధతా, కొత్త పద్ధతా మేడం? ఏది లాభం?"

"నేను మధ్యలో కంపెనీ మారినాను. రెండు ఫారం-16లూ పెట్టాల్నా?"

"సేవింగ్స్ వడ్డీ చూపించకపోతే వాళ్ళకేం తెలుస్తాదంట?"

"చర్చికిచ్చే దశమభాగానికి మినహాయింపు రాదా? రాదా! దేవునికిచ్చినా రాదా?"

వీటన్నిటికీ కౌంటర్ వెనక నవ్వుతూ జవాబు చెబుతోంది రెజీనా. నెమలి రంగు పట్టు చీర, పొడుగు వేళ్ళు, ఎవరి వైపు తిరిగితే వాళ్ళు అడగాల్సిన ప్రశ్న మరచిపోయేంత అందం. డెబోరా ముందుకు వంగి కోడ్ వర్డ్ వదిలింది.

"సరస్సులో నీళ్ళు తగ్గినాయా అక్కా?"

"పిట్టలింకా రాలేదు టీచర్," అంది రెజీనా. జవాబు సరిగ్గానే ఉంది. డెబోరాకి నమ్మకం మాత్రం కుదరలేదు.

కిషోర్ బాబు వంతు వచ్చింది. అతను పాత పద్ధతే ఎంచుకున్నాడు. వికలాంగులైన బిడ్డల పోషణకిచ్చే మినహాయింపు కొత్త పద్ధతిలో లేదు. విదేశీ ఖాతా ప్రశ్న దగ్గర 'లేదు' అని గట్టిగా నొక్కాడు.

"పాపని ఏ ఆస్పత్రికి తీసుకుపోతారు సార్? ఏ దారిలో? తోడు ఎవరుంటారు?" అంది రెజీనా తియ్యగా. "సాఫ్ట్‌వేర్ అడుగుతోంది."

పాపం, ఆయన అన్నీ చెప్పేశాడు.

డెబోరాకి అనుమానం గట్టిపడింది. బిడ్డ వైకల్యం గురించి ట్యాక్స్ వాళ్ళు అడుగుతారు, నిజమే. బిడ్డ ఏ దారిన పోతుందో వాళ్ళకెందుకు? ఆ వివరం బెదిరించేవాడికి కావాలి. రెజీనా మన మనిషే అయితే ఆ ప్రశ్న దాటేసేది. ఈమె వేళ్ళు వణక్కుండా టైపు చేసుకుంది.

"సబ్మిట్ అయిపోయింది. మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి సార్."

కిషోర్ బాబు ఫోన్ చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. నాలిక కరుచుకున్నాడు.

"ఇంకెక్కడొస్తాది మేడం! ఆధార్‌లో మా అమ్మ నంబరు కదా ఉండేది."

విదేశీ ముఠా ఇతని ఫోన్‌ని క్లోన్ చేసింది. ఇతని మెయిల్ చదివింది. ఇతను ఏ కొట్లో కూరగాయలు కొంటాడో కూడా తెలుసుకుంది. కానీ ఆధార్ తీసిన రోజుల్లో ఆ వీధి మొత్తానికి ఫోన్ ఉన్నది అతని అమ్మ మగ్దలీనమ్మకే అనీ, కొడుకుతో సహా వీధిలో సగంమంది ఆమె నంబరే రాయించుకున్నారనీ, తర్వాత ఎవ్వరూ మార్చుకోలేదనీ ఏ శాటిలైట్ చెబుతుంది?

రెజీనా నవ్వు కాస్త పక్కకి జరిగింది. "అమ్మగారెక్కడున్నారు?"

"శుక్రవారం కదండీ, మా ఊరి చర్చిలో ఉపవాస ప్రార్థన. ఫోన్లన్నీ ఆపేసి గుమ్మం దగ్గర గంపలో పెట్టేస్తారు. అయినాకనే తీస్తారు."

"మీరు కూర్చోండి సార్, కాఫీ తాగండి. నేనే పోయి తెస్తాను."

క్షణంలో ఆమె ఎర్ర కారు దుమ్ము లేపుకుంటూ మాయమైంది. డెబోరా కౌంటర్ దూకి రెజీనా మానిటర్‌ని కిషోర్ బాబు వైపు తిప్పింది.

"అన్నా, ఇక్కడ చూడు."

విదేశీ ఖాతా: ఉంది. కింద అతని పేరు, వేరే దేశపు బ్యాంకు పేరు.

"నేను లేదనే కదా నొక్కినాను!"

"వాళ్ళు మార్చినారు. ఓటీపీ పడిందంటే ఇది నీ సంతకం. తర్వాత కోడ్స్ అడుగుతారు. పాప పోయే దారి ఎందుకు అడిగినారో అర్థమైందా?"

మెతకవాడని ముఠా లెక్కేసిన మనిషి కుర్చీ తన్ని లేచాడు.

"జైల్లో కూచుంటా గానీ ఒక్క అంకె ఇవ్వను. నా బిడ్డ పేరెత్తినోళ్ళని వదలను. పద మేడం, బిన్నా పద!" అని తొందరపెట్టాడు.

*

స్కూటర్ మీద డెబోరా, వెనక కిషోర్ బాబు. రెండు పక్కలా ఎండి తెల్లబడిన సరస్సు, ఎదురుగాలి. కమ్మలో చీఫ్ గొంతు పగులుతోంది.

"ఆగు! ఓటీపీ పోనియ్యమన్నానా లేదా?"

"సార్, ఓటీపీ సరిపోతే ఆడిటర్ ఏం చేస్తాడు?"

"లైన్ కట్ చేస్తాడు."

"సరిపోకపోతే?"

డెబోరా యాక్సిలరేటర్ ఇంకా తిప్పింది.

"మళ్ళీ కొడతాడు. మళ్ళీ మళ్ళీ కొడతాడు. మన వాళ్ళందరూ అట్నే కదా చేస్తాము! మీ ట్రేసర్‌కి కావలసింది కూడా అదే. సరిపోకుండా నేను చేస్తాను, మీరు పట్టుకోండి."

వెనక్కి తిరక్కుండానే అరిచింది. "అన్నా! అసలు ట్యాక్స్ సైట్ తెరిచి కొత్త ఓటీపీ అడుగు. కొత్తది పుడితే పాతది చచ్చిపోతుంది."

"సిగ్నల్ లేదు మేడం!"

"చూస్తా ఉండు!"

అక్కడ చర్చి గుమ్మం దగ్గర, తల మీద కొంగు కప్పుకున్న రెజీనా గంప ముందు గొంతుక్కూర్చుని ఉంది. అన్నీ ఒకేలాంటి బటన్ ఫోన్లు, అన్నీ ఆపేసినవే. ఒక్కొక్కటే వెలిగించి, కిషోర్ బాబు దగ్గర తీసుకున్న నంబరుకి కాల్ కొడుతూ పోతే, చివరికి ఒక దాంట్లో క్రైస్తవ కీర్తన మోగింది. దొరికింది! కానీ తెర మీద ఓటీపీ లేదు. ఒక కవరు బొమ్మ ఆరుతూ వెలుగుతోంది. మెసేజ్ మెమరీ ఫుల్.

మగ్దలీనమ్మ పుట్టిన దగ్గర్నుంచి ఒక్క మెసేజ్ కూడా చెరపలేదు. గ్యాసు బండ మెసేజ్‌లు, రీఛార్జ్ ఆఫర్లు, వీధిలో అందరి రేషన్ ఓటీపీలు. అంతర్జాతీయ గూఢచారిణి చెప్పుల వరస మధ్యన కూర్చుని గ్యాసు మెసేజ్‌లు ఒక్కొక్కటే డిలీట్ చేస్తోంది. ఆ పట్టు చీరకి రాకూడని కష్టం.

"ఎవురమ్మే నువ్వు? గంపలో చెయ్యి పెట్టినావేంది?"

తెల్ల చీరలో మగ్దలీనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"వందనాలమ్మా. మీ అబ్బాయి పంపినాడు, ఒక నంబరు కోసం..."

"ప్రార్థన కాందే మా చర్చి అయ్యగారే ఫోను తియ్యడు. నువ్వెవురు తియ్యడానికి? పెట్టు ఆడ!"

రెజీనా కొంగు చాటు నుంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. లోపల పాట ఆగిపోయింది. మగ్దలీనమ్మ కదల్లేదు.

"కాల్చు. తుఫాన్లకే ఈ గుమ్మం వదిల్లేదు నేను. నీకు వదుల్తానా?"

టింగ్! ఓటీపీ వచ్చింది. రెజీనా గాజులోని మైక్‌లో అంకెలు గబగబా చదివేసింది. ఎక్కడో ఆడిటర్ వేళ్ళు కీబోర్డు మీద పడ్డాయి.

స్కూటర్ వచ్చి గోడ పక్కన పడింది. కిషోర్ బాబు ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత లేచింది. బొటనవేలితో నొక్కాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఇంకా తిరిగింది. ఓరి దేవుడా, ఆఖరి తేదీ సర్వర్! ఆడిటర్ చివరి అంకె కొట్టి వెరిఫై మీద వేలు ఆనించాడు. సరిగ్గా అప్పుడే చక్రం ఆగింది.

కొత్త ఓటీపీ పంపబడింది.

రెజీనా గాజులోంచి బొంగురు గొంతు: "చెల్లదంటోంది!" ఆమె చేతిలో ఫోన్ మళ్ళీ టింగుమంది. కొత్త అంకెలు చదివింది. అవి కిషోర్ బాబు అడిగినవి, వాళ్ళ తెర మీద ఎందుకు చెల్లుతాయి? "ఇదీ చెల్లదు! మళ్ళీ చదువు!" మళ్ళీ చదివింది. మళ్ళీ కొట్టాడు.

కమ్మలో ట్రేసర్ కూసింది. "తడ! ఇండస్ట్రియల్ పార్క్ అవతల గోడౌన్!" చీఫ్ గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "మన వాళ్ళు తలుపు పగలగొట్టారు. దొరికాడు డెబోరా, దొరికాడు!"

పిస్టల్ డెబోరా గుండె వైపు తిరిగింది. పేలేలోపే గంప బోర్లా వచ్చి రెజీనా తల మీద పడింది. ఊళ్ళోని ఫోన్లన్నీ ఆమె మీద కురిశాయి. డెబోరా ఆమె మణికట్టు విరిచి పిస్టల్ లాక్కుంది. గంప విసిరిన మగ్దలీనమ్మ కొంగు సర్దుకుని, తన ఫోన్ వెతుక్కుని తీసుకుంది.

"ఆర్డర్ ధిక్కరించినందుకు సంజాయిషీ రాసి పంపు," అన్నాడు చీఫ్, గొంతు సవరించుకుని.

"రాస్తాను సార్. రెజీనా మన మనిషే అని మీరు చెప్పిన మాట కూడా రాస్తాను."

"వద్దులే," అన్నాడు చీఫ్.

ఇంకో పని మిగిలింది. వెరిఫై కాని ఆ దొంగ రిటర్న్‌ని కిషోర్ బాబు డిస్కార్డ్ చేసి, చర్చి మెట్ల మీద కూర్చుని, అసలు సైట్‌లో అసలు రిటర్న్ నింపాడు. విదేశాల్లో ఖాతా ఉందా? 'లేదు' నొక్కాడు. అది 'లేదు'గానే ఉండిపోవడం చూసి అతని కళ్ళు తడిశాయి. మగ్దలీనమ్మ చేతిలో ఫోన్ టింగుమంది.

"పెద్దమ్మా, ఆ నంబరు కొంచెం చదవండి," అంది డెబోరా.

మగ్దలీనమ్మ ఫోన్ కొంగు చాటున పెట్టుకుంది.

"ఓటీపీ ఎవురికీ చెప్పొద్దని రేడియోలో మొత్తుకుంటా ఉండారు. చెప్పను."

"అమ్మా, ఆమె వల్లనే మనం బతికినాము!" అన్నాడు కిషోర్ బాబు. "సీక్రెట్ ఏజెంటమ్మా!"

"నువ్వూ గమ్మునుండు. ప్రార్థన సగంలో ఉంది. ఆమేన్ అయినాక నువ్వు లోపలికొచ్చి నీ కళ్ళతో చూసుకో." కొడుకుని కసిరి, ఫోన్ ఆపేసి గంపలో వేసి, ఆమె డెబోరా వైపు తిరిగింది. "సీక్రెట్ ఏజెంటంట కదా నువ్వు? మంచిది. అయితే ఇది కూడా సీక్రెట్టుగానే ఉండనీ."