చెరుకు తోటల మధ్య ఒంటి నామాలు

"ఆడనే నిలబడు! ఇంకొక్క అడుగు వేసినావంటే చూడు!"

సౌందరరాజన్ నిలబడిపోయాడు. చెరుకు తోటల మధ్య బండిబాట. ఎదురుగా చేతికర్ర ఎత్తిపట్టుకున్న ముసలమ్మ. ఆమె వెనక, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న అమ్మాయి.

"పామా, అవ్వా?" అన్నాడు భయంగా.

"పామైతే తప్పుకుని పోయేది స్వామీ. వచ్చింది మీరు," అంది అమ్మాయి.

అతను తిరుపతిలో దేవస్థానం గుమాస్తా. పొద్దున్నే స్నానం చేసి, నుదుటి మీద నామాలు దిట్టంగా పెట్టుకుని బయల్దేరాడు. అదే తప్పయింది. ప్రయాణమైన వాళ్ళకి ఒంటి బ్రాహ్మడు ఎదురైతే పని చెడుతుందని ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ గట్టి నమ్మకం. కర్ర ఎత్తిన ఈ రుక్మిణమ్మ అవ్వకి సూదిలో దారం ఎక్కించే చూపు లేదు గాని, నామాలు మాత్రం ఫర్లాంగు దూరం నుంచి కనిపిస్తాయి.

"మీరూ మా నామాలవాళ్ళ మాదిరే ఉన్నారే!" అన్నాడు.

"అందుకే కదా మాకు ఇంత బాగా తెలుసు. ఎవరైనా ఊరికి బయల్దేరినారంటే మా నాయన బాట వదిలేసి చేని గెనాల మీద చుట్టు తిరిగి పోతాడు. ఊరికి ఆయన చేసే సేవ అదొక్కటే." ఆమె గొంతు తగ్గించింది. "పుత్తూరులో పదింటికి నాకు టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇప్పుడు ఇంటికి పోయి, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళా బయల్దేరాల్నంట. ఆ లోపల బస్సు పోతుంది. ఉద్యోగమూ పోతుంది."

"నన్నేం చెయ్యమంటారు?"

"వెనక్కి తిరగండి. మాకు ముందు నడిస్తే ఎదురొచ్చినట్టు కాదు, తోడొచ్చినట్టు."

అవ్వ ఆలోచించింది. శాస్త్రంలో ఆ సందు ఉందని ఒప్పుకుంది.

సౌందరరాజన్ వచ్చిన దోవనే తిరిగి నడిచాడు. అవ్వ కర్ర పొడుచుకుంటూ చాలా వెనకబడింది.

"ఇంతకీ యాడికి పోతాండారు?" అంది అమ్మాయి.

"పెళ్ళిచూపులకి. సాయంత్రం రమ్మన్నారు. బస్సు మీద నమ్మకం లేక పొద్దున్నే వచ్చేసినా."

"ఒక్కరేనా?"

"నిన్న పుత్తూరులో బస్సు దిగతా మా నాయన కాలు విరగ్గొట్టుకున్నాడు."

"విరగ్గొట్టుకోను మంచి ఊరే చూసుకున్నాడు! విరిగిన ఎముకలు కట్టేదానికి పుత్తూరే కదా పేరు."

"పసరు పూసి, వెదురు దబ్బలు పెట్టి కట్టినారు. కదలకూడదంట. నన్ను పోయి పిల్లను చూసి, ఒకే మాట చెప్పి రమ్మన్నాడు."

"ఏం మాట?"

"పెళ్ళయినాక పిల్ల ఉద్యోగం గిద్యోగం అనకూడదని."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. బాట మీది ఎండు చెరుకాకుని కాలితో పక్కకి తన్నింది.

"మీరేమంటారు?"

"నన్నెవరడిగినారు?"

"నేనడుగుతాండాను కదా."

"ఆఫీసులో ఈ బల్ల మీది ఫైలు ఆ బల్ల మీద పెడతాను. దాన్నే ఉద్యోగమని మా నాయన ఊరంతా చెప్పుకుంటాడు. మీ మాదిరిగా పిల్లలకి చదువు చెప్పబోయేదాన్ని మానుకోమని ఏ మొహంతో చెప్పేది?" అన్నాడు సౌందరరాజన్. "కానీ చెప్పి రమ్మన్నాడు. చెప్పకపోతే ఇంట్లో అన్నం ఉండదు."

మలుపు తిరిగేసరికి రోడ్డు కనిపించింది. బస్సు కదిలిపోతోంది.

అమ్మాయి మొహం తెల్లబోయింది. ఆ మొహం చూడలేక, సౌందరరాజన్ పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. రోడ్డు మధ్య రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి.

"పొద్దున్నే బండికి ఒంటి నామాలు అడ్డమా!" డ్రైవరు కుప్పుస్వామి గుండె పట్టుకున్నాడు. అడ్డం నిలబడ్డ మనిషి కన్నా ఆ మనిషి నుదురే డ్రైవర్ని ఎక్కువ భయపెట్టింది. ఇంజను ఆపి, దిగి, చక్రం కింద పెట్టడానికి నిమ్మకాయ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ లోపల అమ్మాయి బస్సెక్కింది. అవ్వ కూడా రోడ్డు చేరింది.

"చూసుకోబోయే పిల్ల ఎవరింట్లో ఉండాది స్వామీ?" కిటికీలోంచి అమ్మాయి అడిగింది.

"యతిరాజులు గారింట్లో. పేరు కుముదవల్లి."

అవ్వ చేతిలో కర్ర జారిపడింది. "నా కొడుకు, మా అబ్బోడి ఇంటికా నాయనా! ఆ పిల్ల ఇదే కదా!"

సౌందరరాజన్ కిటికీ వైపు చూశాడు. "మీకు ముందే తెలుసా?"

"మా నాయన పెట్టెలో మీ ఫోటో ఉండాది. అందులోనే బాగున్నారు."

"మరి చెప్పొచ్చు కదా!"

"చెప్తే మర్యాదగా మాట్లాడుంటారు. ఇంట్లో అయితే మీరు చూస్తారు, నేను తలొంచుకోవాల. దోవలో అయితే నేను చూడొచ్చు."

"చూసినారు కదా. ఏమంటారు?"

నిమ్మకాయ చితికింది. బస్సు ఉలిక్కిపడి కదిలింది.

"మీ నాయన చెప్పమన్న మాట మా ఇంట్లో చెప్తారా?"

"ఆ మాట తోటలో యాడనో పడిపోయింది. నేను వెదకను. నాకు మీరు కావాల, ఉద్యోగంతో సహా!"

బస్సంతా విన్నది. కుముదవల్లి సిగ్గుపడాలో వద్దో తేల్చుకోలేక, చివరికి పడింది. "సాయంత్రానికి వస్తాను. మా అమ్మ చేసిన బొబ్బట్లు అన్నీ తినేయొద్దండి!"

దుమ్ము అణిగేలోపల నాయన కాలి కట్టు సంగతీ, ఆయన పెట్టిన షరతూ సౌందరరాజన్ అవ్వకి చెప్పేశాడు. అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది.

"మీ గోత్రం?"

"భారద్వాజ."

"మాది కౌశిక. బతికించినావు." ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నడు నాయనా, తొందరగా. మీ నాయన కట్టు విప్పేలోపల తాంబూలాలు మార్చుకోవాల. మళ్ళా లేచి నడిచినాడంటే ఇంకో షరతు పట్టుకొస్తాడు."