మేరీరాణి రాసిన తొమ్మిది సున్నాలు

“తొమ్మిది ప్రశ్నలకూ సున్నాయేనా సిస్టర్? గిట్ల ఎవరికన్న ఉంటదా?”

సెలైన్ మారుస్తున్న మేరీరాణి వెనక్కి తిరిగింది. చేతిలో ట్యాబ్‌తో జశ్వంత్ నిలబడి ఉన్నాడు. అతను వరంగల్ నుంచి ఈ బెంగాలీ నగరానికి, సాల్ట్ లేక్‌లోని ఆ ఆస్పత్రికి వచ్చి మూడు నెలలైంది. డయాలసిస్ వార్డులో ఒక పరిశోధన నడుస్తోంది. రక్తం తక్కువైన రోగులందరికీ ఒకే మోతాదు మందు ఇవ్వకుండా, ఎవరి రక్తపరీక్షలు చూసి వారికి తగ్గ మోతాదు ఇస్తారు. ఆ లెక్కలన్నీ జశ్వంత్‌వి. నర్సుల మనసు ఎలా ఉందో అడిగే ఫారాలు కూడా అతని నెత్తినే పెట్టారు.

“నాకేటీ లేదు. ఉంటే రాయనా?”

“నిద్ర గూడ మంచిగనే పడుతుందా? మీ కళ్లు చూస్తే...”

“నా కళ్లు చూడ్డానికి జీతమిస్తన్నారేటి దాదా మీకు?”

“జీతం లేకుండనే చూస్తున్న. గానీ దాదా అనకుండ్రి. అన్ననైపోత.”

పక్క మంచం మీద అప్పమ్మ కిసుక్కున నవ్వింది. కార్పొరేషన్‌లో వీధులూడ్చి రిటైరైన మనిషి. మేరీరాణి తల్లి సన్యాసమ్మలాగే ఎప్పుడో ఇక్కడికి వలసొచ్చిన తెలుగు మనిషి, ఆమెతో కలిసి పనిచేసింది.

“ఒలే మేరీ, కుర్రోడు బాగున్నాడే!”

మేరీరాణి మొహం తిప్పుకుంది. నిజం రాస్తే డయాలసిస్ నుంచి తీసేస్తారని నర్సులందరికీ భయం. ఆమెకు నిద్ర లేదు. ముద్ద గొంతు దిగడం లేదు. బస్సెక్కితే దిగాల్సిన చోటు దాటిపోతోంది. వార్డులో పదహారు మంది రోగులకు ఇద్దరే నర్సులు.

వానలు పట్టేసరికి అప్పమ్మ హిమోగ్లోబిన్ ఆరు నుంచి పదికి చేరింది. ఆమె చక్రాల కుర్చీ వద్దని నడిచొచ్చిన రోజున జశ్వంత్ వార్డు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

తర్వాతి వారం అప్పమ్మకు జ్వరం వచ్చింది. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం మేరీరాణి చెయ్యి పట్టుకునే పోయింది. మందు వల్ల కాదని డాక్టర్లు తేల్చారు. మేరీరాణి ఆమె మొహం తుడిచి దుప్పటి కప్పింది. రెండు గంటల తర్వాత అదే మంచం మీద కొత్త రోగికి సూది గుచ్చింది. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు.

జశ్వంత్ వెతుక్కుంటూ వెళ్లాడు. దుప్పట్లు దాచే గదిలో నేల మీద కూర్చుని ఉంది.

“ఆ ఫారంలో ఆఖరి ప్రశ్న ఉంది కదా,” అంది తలెత్తకుండానే. “బతకడం ఎందుకనిపిస్తందా అని. సున్నా పెట్టాను. అబద్ధం. రోజూ అనిపిస్తంది.”

జశ్వంత్ గడప దగ్గరే కూలబడ్డాడు. “ఇప్పుడు గూడనా?”

“ఊఁ.”

“అయితే నిన్నొక్కదాన్నీ ఇడిసిపోను. మనసు జూసే డాక్టరమ్మ దగ్గరికి పోదాం. నేను బయట కూసుంట.”

“ఉద్యోగం పోతే?”

“పోతదో లేదో తెల్వదు. నువ్వు పోతే మాత్రం నాకు...” అంటూ లేచి చెయ్యి చాచాడు. “లే. పోదాం పా.”

డాక్టరమ్మ గంటసేపు విన్నది. తర్వాత రక్తం తీయించింది. హిమోగ్లోబిన్ ఏడు.

“వార్డులో అందరి రక్తమూ చూసేదానివి. నీది ఎవరూ చూడలేదా అమ్మా?” అని బెంగాలీలో అడిగింది. అప్పుడు ఏడ్చింది మేరీరాణి, అప్పమ్మ పోయాక మొదటిసారి.

రెండు నెలల సెలవు ఇచ్చారు. సన్యాసమ్మ పనికి వెళ్లడం మానేసి కూతురి పక్కనే కూర్చుంది. జశ్వంత్ ప్రతి ఆదివారం పడవ మీద నది దాటి హౌరాలో వాళ్లింటికి వచ్చేవాడు. కొన్ని ఆదివారాలు ఆమె పలికేది కాదు. అతను సన్యాసమ్మ ఇచ్చిన టీ తాగి, వచ్చే వారం వస్తానని చెప్పి వెళ్లేవాడు.

తిరిగి చేరిన రోజున, ఆమె భయపడ్డట్టే, డయాలసిస్ నుంచి తీసి ఓపీలో వేశారు. ఆ సాయంత్రం ఆమెను అవతలి రేవు దాకా దింపడానికి అతనూ పడవెక్కాడు, ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. సన్నగా వాన పడుతోంది.

“ఇంట్ల చెప్పిన,” అన్నాడు జశ్వంత్.

“ఏటని?”

“నిన్ను చేసుకుంటనని. మందులు వాడుతున్నవని గూడ.”

ఆమె చటుక్కున అతని వైపు తిరిగింది. “మీ అమ్మ ఏటన్నారు?”

“పిల్ల అన్నం తింటుందా అని అడిగింది.”

మేరీరాణి నీళ్ల వైపు తిరిగి పైట చెంగుతో మొహం ఒత్తుకుంది.

“అన్ని రోజులూ బాగుండను నేను. మళ్లీ అలాగైపోవచ్చు.”

“తెల్సు.”

“తెలిసే అడుగుతన్నావా?”

“తెలిసే.”

పడవ రేవుకు తగిలింది. జనం తోసుకుంటూ దిగుతున్నారు.

“అయితే ఆదివారం దాకా ఎందుకు, ఈ వేళే రా. అమ్మనడగాల.”

“నాకు భయమైతాంది.”

“నాకూ,” అంటూ మేరీరాణి అతని చెయ్యి పట్టుకుని ఒడ్డున దిగింది.